ఇంట్లో దీర్ఘవ్యాధి ఉన్నప్పుడు షేర్లలో డబ్బు ఉంచవచ్చా? పరిశోధనలు ఏమంటున్నాయి?

కవిటి తోట:
నమస్కారం. మాది ఉద్దానం ప్రాంతం. నాన్నగారికి కిడ్నీ జబ్బు ముదరడంతో కవిటి ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ చేయిస్తున్నాము. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కళాశాలలో పనిచేస్తూ, నెలనెలా కొంత మొత్తాన్ని సిప్ (నెలవారీ మదుపు) ద్వారా షేర్లలో మదుపు చేసే ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో పెడుతున్నాను. ఇంట్లో రోగిని పెట్టుకొని షేర్ల జోలికి వెళ్లడమేమిటని బావగారు మందలిస్తున్నారు. బ్యాంకులో పనిచేసే మిత్రుడేమో ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపవద్దంటున్నాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు గాని, ఆధారం ఎవరూ చూపడం లేదు. కుటుంబ ఆరోగ్యానికీ మార్కెట్ రిస్క్‌కూ ఉన్న సంబంధంపై ఆర్థికవేత్తలు ఏమి తేల్చారో తెలిసినవారు వివరించగలరు.

చంపావతి (విజయనగరం):
అర్థశాస్త్రంలో దీనిని నేపథ్య రిస్క్ అనే భావనతో చర్చిస్తారు. వదిలించుకోవడానికి వీలులేని రిస్క్ ఒకటి మెడకు చుట్టుకొని ఉన్నప్పుడు, మనిషి తన చేతిలో ఉన్న మిగతా రిస్క్‌లను తగ్గించుకుంటాడన్నది దాని సారాంశం. వైద్యఖర్చు అటువంటిదే. రోసెన్, వూ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని పెద్దవయసు కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి, ఆరోగ్యం బాగాలేని కుటుంబాలు షేర్లవంటి రిస్క్ ఉన్న ఆస్తులను తక్కువగా ఉంచుకుంటున్నాయని 2004లో చూపారు. మీ బావగారి మాటకు ఇది దన్ను అనిపిస్తుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. జబ్బుపడిన కుటుంబాలకు మొదటినుంచీ ఆస్తి, చదువు తక్కువై ఉండవచ్చు, లేదా వారు స్వభావరీత్యా జాగ్రత్తపరులై ఉండవచ్చు. అప్పుడు షేర్లు తక్కువగా ఉండటానికి జబ్బే కారణమని ఎలా చెప్పగలం? లవ్, స్మిత్ 2010లో ఇటువంటి కంటికి కనబడని తేడాలను లెక్కలోకి తీసుకొని చూడగా, ఒంటరిగా ఉండేవారిలో ఆ ప్రభావం దాదాపు మాయమైంది, దంపతులలో స్వల్పంగా మాత్రమే మిగిలింది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది గోల్డ్‌మన్, మేస్టాస్ 2013లో ప్రచురించిన పరిశోధన. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమాకు తోడు అదనపు బీమా కూడా ఉన్నవారు రిస్క్ ఉన్న ఆస్తులను కలిగి ఉండటం, అది లేనివారికన్నా సుమారు 7 శాతం పాయింట్లు ఎక్కువని వారు కనుగొన్నారు. ఐరోపా దేశాలను పోల్చిన మరో అధ్యయనంలో కూడా, ప్రజావైద్య రక్షణ బలహీనంగా ఉన్న దేశాలలోనే ఆరోగ్యం పెట్టుబడి నిర్ణయాలపై ప్రభావం చూపింది. కాబట్టి అసలు ప్రశ్న జబ్బు ఉందా లేదా అన్నది కాదు, దాని బిల్లు ఎవరు కడుతున్నారన్నది.

నాగావళి గట్టు:
చంపావతి గారి వివరణ బాగుంది. కాని ఆ లెక్కలను మన జిల్లాకు తెచ్చేటప్పుడు రెండు తేడాలు గమనించాలి. మొదటిది, తరుణ్ రామదొరై అధ్యక్షతన రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సగటు భారతీయ కుటుంబ సంపదలో 84 శాతం భూమి, ఇల్లు వంటి స్థిరాస్తులలోనూ, 11 శాతం బంగారంలోనూ ఉండగా, డిపాజిట్లు, షేర్లు వంటి ఆర్థిక ఆస్తులన్నీ కలిపి మిగిలిన 5 శాతమే. ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న ఇంటికి 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను చేసిన నష్టం ముందు సెన్సెక్స్ ఊగిసలాట ఎంత? తోట పడిపోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

రెండవది, బిల్లు. దేశంలో మొత్తం వైద్యవ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబునుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా, 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల డయాలసిస్‌కు డబ్బు కట్టనవసరం లేకపోవచ్చు. కాని ఆటో కిరాయి, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, బయట కొన్న మందులు చాలావరకు బీమాలో రావు. నేపథ్య రిస్క్ అంటే మనకు అదే. కనీసం ఒక ఏడాదికి సరిపడా ఆ ఖర్చును బ్యాంకు డిపాజిట్‌లో ఉంచిన తరువాతనే, మిగిలినదానితో సిప్ కొనసాగించడం మేలని నా అభిప్రాయం.

సీతంపేట:
సంబంధం ఎదురుదిశలో కూడా ఉంటుందని ఎవరూ ప్రస్తావించలేదు. ఎంగెల్‌బర్గ్, పార్సన్స్ 2016లో ప్రచురించిన పరిశోధనలో, దాదాపు మూడు దశాబ్దాల కాలిఫోర్నియా ఆసుపత్రి రికార్డులను షేర్ల ధరలతో పోల్చి, మార్కెట్ పడినప్పుడు ఆసుపత్రిలో చేరికలు పెరుగుతున్నాయని, ముఖ్యంగా మానసిక సమస్యలవల్ల చేరేవారిలో అది స్పష్టంగా కనబడుతోందని తేల్చారు. అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం కూలిన 1987 అక్టోబరు 19న కూడా అదే జరిగింది. డయాలసిస్ మంచం పక్కన కూర్చొని ఫోన్లో ఎర్ర అంకెలు చూసుకొనే కొడుకు ఆరోగ్యం కూడా ఈ లెక్కలో భాగమే కదా! సిప్ ఉంచండి గాని, ఆ యాప్‌ను రోజూ తెరవకండి.

కవిటి తోట:
అందరికీ కృతజ్ఞతలు. నాగావళి గట్టు గారు చెప్పిన ఖర్చులను అమ్మ పాత పాలలెక్కల పుస్తకం వెనుక పేజీలలో రాస్తూ వస్తోంది. ఆటో, టిఫిన్, ఇంజెక్షన్, పాలికాపుకు కూలి అంటూ తేదీలవారీగా ఉంది. నెలకు ఎంతవుతుందో దానినుంచే కూడి, ముందు ఆ మొత్తాన్ని పక్కన పెడతాను. నా ఆరోగ్యబీమా సంగతి మాత్రం ఇంకా ఆలోచించలేదు.

చంపావతి (విజయనగరం):
అది వాయిదా వేయదగినది కాదు. ఇప్పటి జబ్బు ఒక్కటే కాదు, రేపు రాబోయే జబ్బు గురించిన భయం కూడా పెట్టుబడులను ప్రభావితం చేస్తుందని ఎడ్వర్డ్స్ 2008లో చూపారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు గనుక, మీరు కూడా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. ముందునుంచే ఉన్న జబ్బులకు బీమా వర్తించడానికి వేచి ఉండే కాలం మూడేళ్లకు మించరాదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్దేశించింది. పాలసీ తీసుకునేనాటికి జబ్బు ఏదీ లేకపోతే ఆ నిరీక్షణ మీకు వర్తించదు. నాన్నగారి జబ్బు వివరాలు దరఖాస్తులో అడిగితే దాచకుండా రాయండి. దాచిన విషయం క్లెయిము సమయంలో బయటపడితే పాలసీ ఉండీ ఉపయోగం ఉండదు. ప్రీమియం భారమనిపిస్తే ఆ మేరకు సిప్ మొత్తాన్ని తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు.