అప్‌డేట్: జెనెసియోకే వెళ్తోంది

మా అమ్మాయికి ప్రైవేట్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (సాహిత్యం, చరిత్ర, సైన్స్ లాంటివి అన్నీ కలిపి నేర్పే కాలేజీ) మంచిదా, న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ సునీ జెనెసియోనా అని మార్చిలో అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. జెనెసియో ఖాయం చేశాం.

ప్రైవేట్‌లో హాస్టల్, భోజనంతో కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. వాళ్లిచ్చే సాయం పోగా కూడా మాకు అప్పు తప్పదు. మేం ఈ రాష్ట్రం వాళ్లమే కాబట్టి జెనెసియోలో ట్యూషన్ (చదువు ఫీజు) ఏడాదికి 7,070 డాలర్లు. హాస్టల్, భోజనం వేరు, అవే ట్యూషన్‌ కన్నా ఎక్కువ. ముందే లెక్క వేసుకోండి.

ప్రభుత్వ కాలేజీ అంటే వందల మంది కూర్చునే క్లాసులేమోనని నా టెన్షన్. వెళ్లి చూశాం. చిన్న క్లాసు, ప్రొఫెసరే పాఠం చెప్పారు, తర్వాత అమ్మాయితో అరగంట మాట్లాడారు. కార్లో "ఇక్కడే నాన్నా" అంది.

వేరే రాష్ట్రాల వాళ్లు ఇలాంటి ప్రభుత్వ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలే, మేరీలాండ్‌లో సెయింట్ మేరీస్, మిస్సోరీలో ట్రూమన్ స్టేట్ లాంటివి చూడండి.