ఐసోఫిక్స్ లేని కారులో పాప సీటు వదులైపోతోంది

ఉండేది బెంగళూరు, మారతహళ్ళి. పాపకు 5 నెలలు, 6.8 కిలోలు. 2014 నాటి హ్యాచ్‌బ్యాక్, ఐసోఫిక్స్ కొక్కేలు (బెల్టు లేకుండా పిల్లల సీటును నేరుగా కారుకు తగిలించేవి) లేవు. అందుకే కారు బెల్టుతో బిగించే సీటు కొన్నాం, ఈసీఈ ఆర్44 అనే యూరప్ భద్రతా ప్రమాణం ఉన్నది. వెనక ఎడమవైపు, పాప ముఖం కారు వెనక్కి ఉండేలా పెడుతున్నాం.

బిగించగానే గట్టిగానే ఉంటుంది. బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళం లోపే కదులుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్ చేరేసరికి, స్పీడ్ బ్రేకర్ల పుణ్యమా అని, రెండు మూడంగుళాలు ఊగుతోంది. మా కారు బెల్టు మొత్తం బయటికి లాగినా లాక్ అవదు, సడన్ బ్రేకు వేస్తేనే పట్టుకునే రకం.

సీటు మీద బెల్టు దారి చూపే నీలం గుర్తుల్లోంచే బెల్టు పోనిచ్చాం. సీటును చేత్తో గట్టిగా అదిమి బెల్టు లాగాం. తువ్వాలు చుట్టి కింద పెడితే వాలు సరిపోయింది, పాప తల ముందుకు పడట్లేదు, కానీ వదులు తగ్గలేదు. వెనక మధ్య సీటుకు నడుం బెల్టే ఉంది, ఈ సీటుకది పనికిరాదు. షాపువాళ్ళేమో "కాస్త కదిలితే ఏం కాదు మేడమ్" అంటున్నారు. ఒళ్ళో పెట్టుకోమనే సలహా మాత్రం వద్దు, ఇంట్లో రోజూ వింటున్నాను.

ఇలాంటి బెల్టుకు హెచ్ ఆకారపు లాకింగ్ క్లిప్ (బెల్టు రెండు పట్టీలను కలిపి జారకుండా పట్టి ఉంచేది) వాడి సీటు కదలకుండా చేసుకున్నవాళ్ళు, దాన్ని బకిల్‌కు ఎంత దూరంలో బిగించారో చెప్తారా?