గిఫ్ట్ డీడ్‌లో "చూసుకోవాలి" అని రాయకపోతే చూసుకోనక్కర్లేదా?

పెన్నా_ఒడ్డు

నాన్నకు 74. ఊళ్లో ఇల్లు, ఎకరంన్నర మాగాణి ఆయన పేరునే ఉన్నాయి. తమ్ముడు ఊళ్లోనే ఉంటాడు, నేను చెన్నైలో. ఇల్లు తమ్ముడికి గిఫ్ట్ రాస్తానన్నారు నాన్న. నాకేం అభ్యంతరం లేదు. మొన్న ముగ్గురం రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లాం. "నాన్నను చివరిదాకా చూసుకోవాలి, చూడకపోతే డీడ్ రద్దు అని ఒక ముక్క రాయండి" అన్నాను. రైటర్ కళ్లజోడు పైకి తోసుకుని తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నా వంక చూశాడు. నాన్న ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నారు. "అంత అవసరమా సార్, అలా రాస్తే రేపు లోను పుట్టదు" అన్నాడు రైటర్. పని కాకుండానే తిరిగొచ్చేశాం.

ఇంటికొచ్చి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తిరగేశాను. సెక్షన్ 23 ఏమంటుందంటే, 60 దాటినవాళ్లు తమ కనీస అవసరాలు చూడాలనే షరతుతో ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్క. ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చు. నా అనుమానం ఆ "షరతుతో" అన్న మాట దగ్గరే. కన్నతండ్రి కొడుక్కి ఇల్లు రాస్తున్నాడంటే ఆ షరతు చెప్పకుండానే అందులో ఉన్నట్టు కాదా? ఉన్నట్టే అని చట్టంలో మార్చేస్తే పోదా? మీరేమంటారు?

లా_పాయింట్

ఉన్నట్టు కాదు. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్దవాళ్లు తమవాళ్లకు ఆస్తి ఇచ్చినప్పుడు ప్రతిసారీ చూసుకోవాలన్న షరతు ఉండితీరాలని లేదు, ఏమీ ఆశించకుండా ప్రేమతో ఇచ్చేవాళ్లూ ఉంటారు, కాబట్టి షరతు ఉందని చూపించాలి అంది. తర్వాత 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది పెద్దల మేలు కోసం తెచ్చిన చట్టం, ధారాళంగా చదవాలి అంది. ఆ కేసు వేసిన మధ్యప్రదేశ్ ఛతర్‌పూర్ తల్లికి, కొడుక్కి రాసిచ్చిన ఆస్తి తిరిగొచ్చింది. దాంతో వాట్సాప్‌లో అందరూ "ఇక షరతు అక్కర్లేదు" అని తిప్పుతున్నారు. తప్పు. ఆ కేసులో డీడ్ రాసిన రోజే, చూసుకుంటానని మాటిస్తూ కొడుకు విడిగా వచన పత్రం రాసిచ్చాడన్నది తల్లి వాదన. ఆ కాగితమే కేసును నిలబెట్టింది.

మామూలు చట్టంలో అయితే ఇంకా కష్టం. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ప్రకారం, ఇచ్చినవాడికి మనసు మారినంత మాత్రాన గిఫ్టు వెనక్కి రాదు. మీ ముక్క రాయించండి. రైటర్ మాట వినకండి.

దస్తావేజు_రైటర్

రైటర్ మాట వినకండి అన్న పెద్దమనిషికి నమస్కారం. 22 ఏళ్లుగా ఇదే పని నాది. మేం రాసే గిఫ్టు సెటిల్‌మెంట్లో ఒక వాక్యం పాతకాలం నుంచీ వస్తోంది: "నీవు నా యెడల భక్తి విశ్వాసములు కలిగి, నా యోగక్షేమములు విచారించుచున్నందున, నీయందు గల ప్రేమాభిమానములచేత..." అని. అది షరతు కాదు, కారణం. ఆ తేడా నాకూ తెలుసు.

షరతు రాయమని అడిగేవాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో. అడిగేది కూడా ఎప్పుడూ కూతురో, పెద్ద కొడుకో. రాసిచ్చే మనిషి నోటితో అడగటం నేను చూడలేదు. రాద్దామా అని నేనే అడిగితే "వాడు నా కొడుకయ్యా" అంటారు. ఇక లోను మాట అబద్ధం కాదు. రేపు రద్దయ్యే అవకాశం ఉన్న కాగితం మీద బ్యాంకు లాయరు సంతకం పెట్టడానికి జంకుతాడు.

రిటైర్డ్_తహసీల్దార్

నేను కొన్నేళ్లు ఆర్డీవో ఆఫీసులో ఈ ఫైళ్లే చూశాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీవోనే. దరఖాస్తు తెల్లకాగితం మీద ఇచ్చినా తీసుకుంటాం. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. అప్పీలు కలెక్టరుకు. నెలకు ఇప్పించగలిగిన గరిష్ఠ భరణం 10,000 రూపాయలు. 2007లో పెట్టిన అంకె ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసేయాలని, అల్లుళ్లనూ కోడళ్లనూ చట్టంలోకి తేవాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. ఆ సభ రద్దయ్యేదాకా అది అలాగే ఉండిపోయింది.

ఒక కేసు చెప్తాను, ఊరు పేరు వద్దు. ముసలావిడ, ఇద్దరు కొడుకులు. పొలం సగం సగం రాసిచ్చేసింది. షరతు లేదు. ఒప్పందం ఏమిటంటే నెలకొకరి వంతు. ఒకటో తారీఖు పొద్దున మాత్రల సంచి, స్టీలు గ్లాసు, రెండు చీరలు పట్టుకుని ఆ వీధి నుంచి ఈ వీధికి నడిచేది. గొడవ ఎక్కడొచ్చిందో తెలుసా? 31వ తేదీ దగ్గర. నెలకు ముప్పై రోజులే లెక్క అని పెద్దవాడు, నెల అంటే నెలే అని చిన్నవాడు. ఒక 31న మధ్యాహ్నం ఇద్దరి ఇళ్లూ తాళాలు. ఆవిడ రామాలయం అరుగు మీద కూర్చుని ఉంటే పక్కింటాయన తీసుకొచ్చి మా ఆఫీసులో కూర్చోబెట్టాడు.

రాజీ కోసం పిలిపించాం. ఇద్దరూ క్యాలెండర్ పట్టుకొచ్చారు, నిజంగా. ఫిబ్రవరి ఎవరి వంతుకు వచ్చిందో, దానివల్ల ఎవరికి ఎంత కలిసొచ్చిందో లెక్క చెప్పారు. డీడ్ రద్దు చేద్దామంటే అందులో షరతు లేదు. భరణం ఆర్డరు వేశాం, చెరో 2,500. డబ్బు వచ్చింది. అన్నం ఎవరు పెట్టాలన్నది మాత్రం ఆర్డరులో రాయలేకపోయాం.

కాబట్టి పెన్నా ఒడ్డు గారూ, షరతు చెప్పకుండానే ఉన్నట్టు చట్టం మార్చాలన్న మీ మాటకు నా ఓటు ఉంది.

డాలస్_బాబాయ్

నా ఓటు లేదు సార్. కోప్పడకుండా వినండి.

నేను రెండేళ్లకోసారి ఇండియా వస్తాను, పదిహేను రోజులుంటాను. అమ్మకు నేను బంగారుకొండని. మా అన్నయ్య అదే ఇంట్లో పదకొండేళ్లుగా ఆవిణ్ని చూస్తున్నాడు. యూరిన్ బ్యాగ్ మార్చేది ఆయన, రాత్రి మూడింటికి లేచేది ఆయన. విసుక్కుంటాడు కూడా. గట్టిగా అరిచిన రోజులూ ఉన్నాయి. వీడియో కాల్‌లో అమ్మ నాకు చెప్పేది ఆ అరుపుల గురించే. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

రెండేళ్ల క్రితం మా అక్క అమ్మ చేత కంప్లైంట్ పెట్టించబోయింది. "రాసిచ్చిన ఇల్లు వెనక్కి తీసుకో, ముగ్గురికీ పంచు" అని. అన్నయ్య డీడ్‌లో షరతేమీ లేదు కాబట్టి అది ముందుకు సాగలేదు. మీరనే మార్పు ఉండి ఉంటే? పదకొండేళ్లు చేసిన మనిషి ఆర్డీవో ముందు చేతులు కట్టుకుని "నేను చూశాను" అని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. దగ్గరున్నవాడి మీదే ఎప్పుడూ కేసు. దూరంగా ఉండి డబ్బు పంపే నాలాంటివాడి మీద ఎవరూ పెట్టరు.

పెన్నా_ఒడ్డు

బాబాయ్, ఇది నాకు తగిలింది. నేనూ చెన్నైలో కూర్చునే షరతు అడుగుతున్నాను.

వరంగల్_కోడలు

నేనూ ఒక మాట చెప్పాలి. మా అత్తగారు నన్ను ఇల్లు ఖాళీ చేయించమని ఈ చట్టం కిందే దరఖాస్తు పెట్టింది. రాసింది ఆమె కాదు, మా ఆయన. అప్పటికే మాకు కోర్టులో నడుస్తోంది. గృహహింస చట్టంలో నాకు ఆ ఇంట్లో ఉండే హక్కుందని ఆయనకు తెలుసు. అందుకే తల్లిని ముందు పెట్టాడు. విచారణ రోజు అత్తగారు నా పక్కనే కూర్చుని, "నీళ్లు తెచ్చావా?" అని నన్నే అడిగింది. ఆ సీసా నీళ్లే తాగింది.

లా పాయింట్ సార్, ఇలాంటిదే ఏదో సుప్రీంకోర్టు కేసు ఉందని మా లాయర్ అన్నారు.

లా_పాయింట్

ఉందమ్మా. ఎస్. వనిత కేసు, 2020 డిసెంబరు, బెంగళూరుది. అక్కడ భర్త కొన్న ఆస్తి తండ్రి పేరుకు, అక్కడి నుంచి తల్లి పేరుకు మారింది. తర్వాత కోడల్ని ఖాళీ చేయించమని ఈ చట్టం కింద వెళ్లారు. 2005 గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కును ఈ దారిలో తుడిచేయడం కుదరదంది కోర్టు. రెండు చట్టాలనూ కలిపి చదవాలంది. మీ లాయర్ అది ఫైల్లో పెట్టారో లేదో అడగండి.

బాబాయ్ గారి భయానికి కూడా ఆధారం ఉంది. మద్రాసు హైకోర్టు 2025 మార్చిలో నాగపట్నం కేసులో అటువైపే అడుగేసింది. "ప్రేమాభిమానాలతో" అని రాస్తే చూసుకోవాలన్న షరతు అందులోనే ఇమిడి ఉందంది. అంటే రైటర్ గారు కారణం అన్న వాక్యమే అక్కడ షరతయింది. నాకు ఆ తీర్పు నచ్చలేదు. ఆ తల్లికి న్యాయం జరిగింది, సంతోషం. కానీ అలా రాసిన ప్రతి గిఫ్టు డీడునూ తర్వాత కొనేవాడు అనుమానంగా చూడాలి.

దస్తావేజు_రైటర్

అమ్మో. అయితే నేను రాసినవన్నీ షరతు డీడులేనన్నమాట!

రిటైర్డ్_తహసీల్దార్

లా పాయింట్ గారూ, కొనేవాడి గురించి మీకు బెంగ. నాకు ఆ అరుగు మీద కూర్చున్నావిడ గురించి. అంగీకరిస్తాను, కొడుకులో కూతుళ్లో వెనక నిలబడి పెద్దవాళ్ల చేత సంతకాలు పెట్టించిన దరఖాస్తులు నా దగ్గరికీ వచ్చాయి. వాటిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. పెద్దావిణ్ని ఒంటరిగా లోపలికి పిలిచి, పిల్లలందర్నీ బయట నిలబెట్టి, "నీకేం కావాలమ్మా?" అని అడిగితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పది నిమిషాలు కూర్చునే తీరిక ఆర్డీవోకు ఉండదు. భూసేకరణ, ఎన్నికలు, ప్రోటోకాల్, ఆ మధ్యలో ఇది.

మంజీరా1988

అస్సాంలో 2017లోనే చట్టం చేశారు. ప్రభుత్వ ఉద్యోగి తల్లిదండ్రుల్ని చూడకపోతే జీతంలో 10 శాతం కోసి వాళ్లకే ఇస్తారు. డీడూ వద్దు, షరతూ వద్దు.

దస్తావేజు_రైటర్

నా దగ్గరికొచ్చేవాళ్లలో జీతగాళ్లెంతమంది బాబూ. కౌలు రైతు దగ్గర ఏం కోస్తారు?

డాలస్_బాబాయ్

తహసీల్దార్ గారూ, ఒంటరిగా అడగాలన్న మీ మాట డీడ్ రాసే రోజే పాటిస్తే? రద్దు చేసే రోజు కాకుండా, సంతకం పెట్టే రోజు. సబ్ రిజిస్ట్రార్ పిల్లల్ని బయటికి పంపి, "మీ ఇష్టంతోనే ఇస్తున్నారా? షరతు కావాలా, వద్దా?" అని అడిగి జవాబు రాసుకోవాలి. వద్దంటే వద్దు. అప్పుడు ఎవరి నెత్తినా చెప్పని షరతు పడదు.

రిటైర్డ్_తహసీల్దార్

ఇది బాగుంది. చట్టం మార్చకుండా కూడా చేయొచ్చు. దీనికి నేను ఒప్పుకుంటాను. కానీ ఇప్పటికే రాసిచ్చేసినవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లకు భరణం ఒక్కటే దిక్కు. అన్నట్టు, ఎవరికైనా అవసరపడితే 14567కు చేయండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ అది.

లా_పాయింట్

ఇంకో దారి అందరూ మరిచిపోతున్నారు. గిఫ్టు ఎందుకు? వీలునామా రాయండి. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు చాలు. గిఫ్టే కావాలంటే, జీవితాంతం ఆ ఇంట్లో ఉండి అనుభవించే హక్కు తమకే ఉంచుకుని రాయాలి.

దస్తావేజు_రైటర్

వీలునామా అంటే మన జనం చావు మాట అనుకుంటారు సార్. పైగా తర్వాత అన్నదమ్ములు అది దొంగ వీలునామా అని కోర్టుకెక్కుతారు. గిఫ్టయితే కళ్లముందే పేరు మారిపోతుంది.

పెన్నా_ఒడ్డు

నిన్న రాత్రి ఊరికి ఫోన్ చేశాను. ఇక్కడ మీరన్నట్టే తమ్ముణ్ని బయటికి వెళ్లమని, నాన్నతో ఒక్కరితోనే మాట్లాడాను. షరతు కావాలా వద్దా అని నేరుగా అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నా గురించి ఏం రాయొద్దు. వాడి దగ్గర నేను కాగితం చూపించి అన్నం తినను. మీ అమ్మ గురించి రాయించు. నేను పోయాక ఆమె నోరు తెరిచి అడగలేదు." తమ్ముడికి చెప్తే "అమ్మ గురించి అయితే నేనే రాయమంటాను" అన్నాడు. లోను సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు.

లా పాయింట్ గారూ, అమ్మ ఒక్కదాని పేరు రాస్తే సరిపోతుందా?

లా_పాయింట్

చిక్కుంది. సెక్షన్ 23లో ఉన్నది ఆస్తి రాసిచ్చినవాళ్ల అవసరాలు చూడాలన్న షరతు. ఇల్లు మీ నాన్నగారిది, రాసిచ్చేది ఆయన. షరతు అమ్మగారి గురించి మాత్రమే ఉంటే రేపు అవతలి లాయర్ మొదట పట్టుకునేది అదే. అమ్మగారికి భరణం అడిగే హక్కు ఎలాగూ ఉంది, అది వేరు. షరతులో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇద్దరికీ ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు కూడా విడిగా రాయించండి.

పెన్నా_ఒడ్డు

సరే. సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఇద్దరి పేర్లూ రాయిస్తాను. చదివి వినిపించేటప్పుడు నాన్న పేరు దగ్గర కాస్త వేగంగా చదివేయమని మా రైటర్‌కు చెప్తాను. లేకపోతే సంతకం పెట్టరు.

దస్తావేజు_రైటర్

ఆ పని మాత్రం చేయించకండి సార్. రాసిచ్చే మనిషికి ప్రతి అక్షరం వినపడాలి. ఆయన పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ముందే చెప్పండి. అమ్మ కోసమే అని చెప్పండి, పెడతారు.

పెన్నా_ఒడ్డు

మీరన్నది నిజమే. ఆదివారమే ఊరెళ్లి చెప్తాను.