ఎండీ మెడిసిన్ తరువాత ఎండోక్రైనాలజీ: వరంగల్ పీజీ విద్యార్థి సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: జనరల్ మెడిసిన్ పీజీ, వరంగల్

పెద్దలందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో జనరల్ మెడిసిన్ ఎండీ మూడవ సంవత్సరం చదువుతున్నాను. మాది భూపాలపల్లి వైపు ఒక పల్లె. ఎండీ పూర్తయ్యాక ఎండోక్రైనాలజీలో, అంటే హార్మోన్ గ్రంథులకూ జీవక్రియకూ సంబంధించిన వ్యాధుల వైద్యంలో, డీఎం అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ చేసి తిరిగి ఈ జిల్లాల్లోనే పనిచేయాలని ఉంది. షుగరు, థైరాయిడ్ రోగులను మెడిసిన్ వాళ్లమే చూస్తున్నప్పుడు దానికోసం ఇంకో మూడేళ్లు ఎందుకని నా సహ పీజీలు అడుగుతున్నారు. ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుంది, సీటు ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలి, మా ఎంజీఎం ఆసుపత్రిలో ఉండగానే నేను ఏమి నేర్చుకోవచ్చు, డీఎం సీటు రాకపోతే డయాబెటిస్ ఫెలోషిప్‌తో సరిపెట్టుకోవచ్చా అన్న విషయాలను అనుభవజ్ఞులు వివరించగలరని ప్రార్థన.

సమాధానం: ఎండోక్రైనాలజిస్టు, హనుమకొండ

మీ సహ పీజీల ప్రశ్నతోనే మొదలుపెడతాను. దానికి జవాబు తెలిస్తే సీటు ఎలా ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందిని ఎండోక్రైనాలజిస్టులే చూడాలనుకోవడం జరిగే పని కాదు, జరగవలసిన పని కూడా కాదు. మామూలు షుగరునూ మామూలు థైరాయిడ్ లోపాన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరూ, ఫిజీషియనూ చూసుకోవాలి. ఈ విషయంలో మీ మిత్రులు చెప్పేది సరైనదే.

అయితే కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోయి, ఆ తరువాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి నీరసంతో తిరిగి, చివరకు ఒక రోజు సోడియం పడిపోయి స్పృహ తప్పిన స్థితిలో వార్డుకు వచ్చే స్త్రీని ఒకసారి గుర్తు చేసుకోండి. అది షీహాన్ సిండ్రోమ్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నందువల్ల ఆమె టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) నార్మల్‌గానే కనిపించవచ్చు. కేవలం టీఎస్‌హెచ్ ఒక్కటే రాసి పంపితే జబ్బు దొరకదు. ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) కూడా చూసి, తక్కువగా ఉందని గుర్తించి, స్టిరాయిడ్ ఇవ్వకుండా ముందుగా థైరాక్సిన్ మొదలుపెడితే ఆమె అడ్రినల్ క్రైసిస్‌లోకి, అంటే కార్టిసాల్ హార్మోన్ చాలక ప్రాణం మీదికొచ్చే స్థితిలోకి, వెళ్లే ప్రమాదం ఉంది. ఏ హార్మోన్ తగ్గింది, అది తగ్గడానికి మూలం ఎక్కడ ఉంది, దేనిని ముందు సరిచేయాలి అన్న ఈ వరుసక్రమాన్ని ఆలోచించగలగడమే ఆ మూడేళ్ల శిక్షణకు ప్రాణం. చిన్న వయసులోనే బీపీ ఉండి పొటాషియం తక్కువగా ఉన్న యువకుడు, కాల్షియం ఎక్కువై మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు వస్తున్న మహిళ, టైప్ 2 అని మాత్రలు వాడుతూ బక్కచిక్కిపోతున్న పాతికేళ్ల కుర్రవాడు కూడా ఇలాంటివారే. వీరందరూ ఇప్పటికీ మన వార్డుల్లోనే ఉన్నారు, వేరే జబ్బు పేరుతో ఉన్నారు.

ఇక ప్రవేశం గురించి చెబుతాను. డీఎం గానీ, దానికి సమానంగా జాతీయ బోర్డు ఇచ్చే డీఆర్ఎన్‌బీ గానీ ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ తరువాత మూడేళ్ల కోర్సు. నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్షను జాతీయ వైద్య పరీక్షల బోర్డు (ఎన్‌బీఈఎంఎస్) నిర్వహిస్తుంది, కౌన్సెలింగును మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) చేస్తుంది. ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, జిప్మర్ వంటి జాతీయ ప్రాధాన్య సంస్థలకు ఐఎన్‌ఐ ఎస్ఎస్ అనే వేరే పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై ప్రవేశాలకు జరుగుతుంది. అక్కడ రాత పరీక్ష తరువాత ఆ విభాగంవారు స్వయంగా మిమ్మల్ని పరీక్షిస్తారు. నీట్ ఎస్ఎస్‌లో మెడిసిన్ నుంచి వచ్చేవారికి ప్రశ్నలు మెడిసిన్ అంతటి నుంచీ వస్తాయి కాబట్టి ఎండోక్రైన్ అధ్యాయాలు మాత్రమే చదివి కూర్చుంటే ర్యాంకు రాదు. మరొక ముఖ్యమైన నిబంధన ఉంది. ఒక సూపర్ స్పెషాలిటీ సీటులో చేరి మధ్యలో వదిలేసినవారికి ఆ కోర్సు గడువు ముగిసే వరకు మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఉండదు. కనుక కౌన్సెలింగులో ఏదో ఒకటి దక్కితే చాలునని ఇష్టం లేని శాఖను ఐచ్ఛికంగా పెట్టవద్దు. కోర్సు తరువాత చేయవలసిన బాండు సర్వీసు నిబంధనలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. వాటిని కూడా ముందే చదువుకోవాలి.

సీటు ఎంపికలో చాలామంది ఊరి పేరునూ స్టైపెండునూ చూస్తారు. నా దృష్టిలో చూడవలసినవి వేరే. ఆ ఆసుపత్రిలో పిట్యూటరీ శస్త్రచికిత్స చేసే న్యూరోసర్జన్లూ, థైరాయిడ్, పారాథైరాయిడ్ శస్త్రచికిత్సలు క్రమంగా చేసే విభాగమూ, రేడియో అయోడిన్ ఇచ్చే న్యూక్లియర్ మెడిసిన్ విభాగమూ ఉన్నాయా? పిల్లల ఎదుగుదల సమస్యలకు ప్రత్యేక ఓపీ నడుస్తోందా? హార్మోన్ పరీక్షలు లోపలి ల్యాబులోనే జరుగుతున్నాయా, బయటికి పంపుతున్నారా? డైనమిక్ పరీక్షలను (మందు ఇచ్చి హార్మోన్ ఎలా మారుతుందో చూసేవాటిని) శిక్షణలో ఉన్న రెసిడెంటే దగ్గరుండి చేస్తాడా, లేక నర్సుకు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లిపోతాడా? హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్ వంటి చోట్ల ఈ శాఖ ఉంది. దరఖాస్తుకు ముందు ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్లి, ఉదయం నుంచి సాయంత్రం వరకు ఓపీలో నిలబడి చూసి, అక్కడి రెండవ సంవత్సరం రెసిడెంటుతో మాట్లాడండి. ఏ ర్యాంకుల పట్టికా చెప్పని సంగతులు ఆ ఒక్క రోజులో తెలుస్తాయి.

ఎంజీఎంలో ఉండగానే నేర్చుకోగలిగేది చాలా ఉంది. ఎమర్జెన్సీకి వచ్చే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లంగా మారే అత్యవసర స్థితి) కేసులను మొదటి గంట నుంచి మీరే చూడండి. పొటాషియం ఎంత ఉందో తెలియకుండా ఇన్సులిన్ మొదలుపెట్టకూడదన్న నియమం పుస్తకంలో ఒక వాక్యమే గానీ, రాత్రి రెండు గంటలకు దాన్ని పాటించడం ఒక అభ్యాసం. ఓపీలో షుగరు రోగి చేత చెప్పులు విప్పించి, పదిగ్రాముల మోనోఫిలమెంటు అనే నైలాన్ దారంతో పాదాల స్పర్శను పరీక్షించండి. ఇన్సులిన్ పొడిచే చోటును చేతితో తడిమి గడ్డలు కట్టాయేమో చూడండి, ఎందుకంటే డోసు ఎంత పెంచినా షుగరు తగ్గని కేసుల్లో ఆ గడ్డలే కారణం కావచ్చు. ఇంట్లో ఫ్రిజ్ లేనివారికి నీటి కుండ, తడి ఇసుక సాయంతో ఇన్సులిన్‌ను చల్లగా ఎలా ఉంచుకోవాలో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం కూడా ఈ శిక్షణలో భాగమే.

ఫెలోషిప్పుల గురించి క్లుప్తంగా చెబుతాను. డయాబెటిస్ సర్టిఫికెట్ కోర్సులు మంచివే, ఫిజీషియన్‌కు అవి పదును పెడతాయి. అయితే అవి డీఎంకు సమానం కావు. వాటిని ఆధారంగా చేసుకుని బోర్డు మీద ఎండోక్రైనాలజిస్టు అని రాసుకోవడం రోగిని తప్పుదారి పట్టించడమే అవుతుంది.

సమాధానం: పిల్లల వైద్యురాలు, కరీంనగర్

పై సమాధానానికి పిల్లల విషయంలో కొంత చేర్చదలచుకున్నాను. డీఎం ఎండోక్రైనాలజీకి మెడిసిన్‌తో పాటు పీడియాట్రిక్స్ ఎండీ చేసినవారు కూడా వెళ్లవచ్చు. చండీగఢ్ పీజీఐ వంటి కొన్ని చోట్ల పిల్లల ఎండోక్రైనాలజీకే ప్రత్యేకంగా డీఎం ఉంది. మెడిసిన్ నుంచి వెళ్లేవారు తరచుగా బలహీనంగా ఉండేది ఇక్కడే కాబట్టి, బాబూ, ఇప్పటి నుంచే వారానికి ఒక పూట పిల్లల విభాగంలో కూర్చో. ఎత్తును గోడ మీద గీసిన గీతతో కాక స్టేడియోమీటరుతో సరిగా కొలవడం, ఎదుగుదల పటం మీద చుక్కలు పెట్టి రేటును చదవడం, ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసును అంచనా వేయడం చేతి పనులు. అవి చూసి చూసి, చేసి చేసి మాత్రమే వస్తాయి.

పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న శిశువుకు మొదటి రెండు వారాల లోపు రోజుకు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాముల చొప్పున థైరాక్సిన్ మొదలుపెడితే ఆ బిడ్డ తెలివితేటలు దెబ్బతినకుండా కాపాడవచ్చు. ఒక మాత్ర ఖరీదు ఎంతో మీకు తెలుసు. మూడేళ్లు వచ్చినా నడక, మాట రాని బిడ్డను తల్లి ఎత్తుకొచ్చిన రోజున ఏ సూపర్ స్పెషలిస్టూ ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేడు. మీరు తిరిగి వచ్చాక మీ ఓపీతో పాటు కాన్పుల వార్డులో నవజాత శిశువులకు టీఎస్‌హెచ్ పరీక్ష క్రమంగా జరిగేలా చూడటం మీ పని అనుకోండి.

మరొక ప్రశ్న: అదే పీజీ విద్యార్థి

సార్, మేడమ్, ఇద్దరికీ కృతజ్ఞతలు. హార్మోన్ పరీక్షలు లోపలి ల్యాబులో జరగాలని సార్ అంత గట్టిగా ఎందుకు చెప్పారో మరికొంత వివరించగలరా? రిపోర్టు ఎక్కడి నుంచి వచ్చినా అంకె అంకే కదా?

సమాధానం: ఎండోక్రైనాలజిస్టు, హనుమకొండ

అంకె ఎలా పుట్టిందో తెలియనివాడు అంకెను నమ్మి మోసపోతాడు. పిట్యూటరీలో పెద్ద కణితి ఉండి ప్రొలాక్టిన్ హార్మోన్ విపరీతంగా ఉన్నప్పుడు పరీక్ష పద్ధతిలోని పరిమితి వల్ల కొన్నిసార్లు అంకె తక్కువగా వస్తుంది. నమూనాను పలుచన చేసి మళ్లీ చేయించాలని ల్యాబుకు ఫోను చేసి అడగగలిగే రెసిడెంటు, సాధారణంగా మందులతోనే తగ్గే ఆ కణితికి అనవసరమైన ఆపరేషన్‌ను తప్పించగలడు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారిలో కొన్ని యంత్రాల మీద థైరాయిడ్ రిపోర్టు అచ్చం గ్రేవ్స్ వ్యాధిలా, అంటే థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనట్టు, కనిపిస్తుంది. కుషింగ్ (ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బు) అనుమానంతో రాత్రి పదకొండు గంటలకు డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ 1 మిల్లీగ్రాము ఇచ్చి మర్నాడు ఉదయం ఎనిమిదికి కార్టిసాల్ చూస్తాము, అది డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు దిగాలి. కానీ ఆ రోగి క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నట్లయితే డెక్సామెథసోన్ ఒంట్లో త్వరగా కరిగిపోయి, జబ్బు లేకపోయినా ఉన్నట్టు వస్తుంది.

మన ప్రాంతానికి సంబంధించి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వంటి ఆదివాసీ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి ఉన్నవారు ఉన్నారు. వారిలో ఎర్రకణాల ఆయుష్షు తగ్గడం వల్ల గానీ, హిమోగ్లోబిన్ రకం వేరు కావడం వల్ల కొన్ని యంత్రాలు పొరబడటం వల్ల గానీ హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు పరీక్ష) తప్పుగా రావచ్చు. దీనికి భిన్నంగా ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్న స్త్రీలలో అది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. అలాంటి చోట పరగడుపు షుగరు, తిన్న తరువాత షుగరు, ఇంటి దగ్గర గ్లూకోమీటరు రీడింగులు చూసి నిర్ణయించాలి. పెద్ద నగరంలో శిక్షణ పొంది వచ్చినవారికి ఈ ఆలోచన వెంటనే తట్టకపోవచ్చు. ఇక్కడి మనిషివి కాబట్టి నీకు తట్టాలి.

ప్రశ్న: మెడికల్ ఆఫీసర్, ములుగు జిల్లా

సార్, చర్చ స్పెషలిస్టుల శిక్షణ గురించే అయినా మా వంటివారికి ఒక్క విషయం చెప్పండి. ఒంటి నొప్పులకని ఊళ్లో ఆర్ఎంపీల దగ్గర ఏళ్లుగా మాత్రలు, సూదులు వేయించుకుని ముఖం ఉబ్బి, చర్మం పలుచబడి వచ్చేవారిని చూస్తున్నాము. స్టిరాయిడ్ అని తెలిసి వెంటనే ఆపేయమంటే కొందరు వారం తిరగకుండానే వాంతులతో, బీపీ పడిపోయి వస్తున్నారు. మేము ఏమి చేయాలి?

సమాధానం: ఎండోక్రైనాలజిస్టు, హనుమకొండ

మీ ప్రశ్న శిక్షణకు సంబంధించినదే, డాక్టరు గారూ. ఎండోక్రైనాలజీ చదివే ప్రతి ఒక్కరూ ముందు నేర్చుకోవలసిన పాఠం ఇది. బయటి స్టిరాయిడ్‌ను ఎక్కువ కాలం వాడితే రోగి సొంత అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. కనుక ఒక్కసారిగా ఆపించకండి. వాడుతున్నది ఏ మందో తెలుసుకోవడానికి మాత్రల అట్టను తెప్పించండి. అట్ట దొరకకపోయినా స్టిరాయిడ్ అనే అనుకుని ప్రెడ్నిసలోన్‌కు మార్చి నెమ్మదిగా తగ్గించండి. రోజుకు 5 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చాక, ముందు రోజు ఉదయం వేసుకున్న మాత్ర తరువాత మరొకటి వేసుకోకముందే, ఉదయం ఎనిమిది గంటలకు కార్టిసాల్ చేయించండి. అది డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే ఆపవచ్చు. 5 కంటే తక్కువైతే అదే డోసు కొనసాగించి కొన్ని నెలల తరువాత మళ్లీ చూడాలి. మధ్యలో ఉన్నా కొనసాగించి కొన్ని వారాల తరువాత మళ్లీ చేయించాలి.

తగ్గిస్తున్న కాలంలో జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయాలని రోగికీ ఇంట్లోవారికీ చెప్పి, ఆ మాటను తెలుగులో చీటీ మీద రాసి ఇవ్వండి. వాంతులతో, బీపీ పడిపోయి వచ్చినవారికి రక్త పరీక్షల కోసం ఎదురుచూడకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు సూది మందుగా ఇచ్చి, సెలైన్ ఎక్కిస్తూ ఎంజీఎంకు పంపండి. ఆ మందు మీ కేంద్రంలో ఎప్పుడూ ఉండేలా ఇండెంటులో రాసి తెప్పించుకోండి.