గాలం పెట్టెలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ఆదివారం నాన్నతో చెరువుకి చేపలు పట్టడానికి వెళ్తున్నాను. ఆయనకి నడుం బాగయ్యాక ఇదే మొదటిసారి, ఏదీ మర్చిపోకూడదని నా తపన. పెట్టెలో ఆరే అరలు. 8, 10 నంబర్ ముళ్ళు, బెండ్లు, సీసం గుండ్లు, ముక్కు పటకారు సర్దాను. నంబర్ పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది కదా, కిలో చేప పడితే ఇవి ఆగుతాయా? 4 నంబర్‌వి కూడా తీసుకోవాలా?

ఇంకొకటి. పోయినసారి రబ్బరు ఎరలన్నీ ఒకే అరలో వేస్తే మెత్తబడి అడుగుకి జిగురులా అంటుకున్నాయి, ఎర్రదాని రంగు తెల్లదానికి పట్టేసింది. వాటిని కొన్న కవర్లలోనే ఉంచాలా? తడి ముళ్ళకి తుప్పు పట్టకుండా మీరేం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.