పడవలో టాయిలెట్: పాత ట్యాంకు బాగుచేయాలా, పొడి టాయిలెట్ పెట్టాలా?

కొత్త_తెరచాప
అందరికీ నమస్కారం. అమెరికాలో అన్నాపొలిస్ దగ్గర 30 అడుగుల పాత సెయిల్‌బోటు కొన్నాం. 1980ల నాటిది. తెరచాపలు, ఇంజను బాగానే ఉన్నాయి. ఇబ్బందంతా టాయిలెట్‌తోనే. చేతిపంపు టాయిలెట్, ముందు మంచం కింద మురుగు నిలవ ఉంచే 15 గ్యాలన్ల హోల్డింగ్ ట్యాంకు. శుక్రవారం సాయంత్రం వెళ్లి కేబిన్ తలుపు తీస్తే గుప్పున కుళ్లిన గుడ్డు వాసన. మా ఆవిడా పిల్లలూ పైన కాక్‌పిట్‌లో ఎంతసేపైనా కూర్చుంటారు గానీ రాత్రి లోపల పడుకోమంటే ససేమిరా అంటున్నారు. ఆగస్టులో రాజమండ్రి నుంచి అమ్మ వస్తోంది. ఆవిడని ఒక్క రాత్రయినా ఇక్కడి చెసపీక్ అఖాతం (బే) మీద ఉంచాలని నా కోరిక.

మెరీనాలో పక్క పడవాయన ట్యాంకు, పైపులు అన్నీ పీకేసి నీళ్లతో పనిలేని పొడి టాయిలెట్ (కంపోస్టింగ్ టాయిలెట్) పెట్టుకోమంటాడు. ఇంకొకాయన పైపులు మారిస్తే చాలంటాడు. ఖర్చు రెండింటికీ దగ్గరదగ్గరగానే ఉంది. మీరేమంటారు?

గోదారి_గాలి
పీకేయండి. రెండో ఆలోచన వద్దు.

మా పడవలో పొడి టాయిలెట్ పెట్టి చాలా కాలమైంది. అన్నిటికంటే పెద్ద లాభం వాసన పోవడం కాదు, పడవ అడుగున కన్నాలు తగ్గడం. పాత టాయిలెట్‌కి నీళ్లు లోపలికి రావడానికి ఒక సీకాక్ (పడవ కన్నానికి బిగించే వాల్వ్), బయటికి పోవడానికి ఇంకొకటి ఉంటాయి. రెండూ నీటిమట్టం కిందే. నీటికి రెండడుగుల లోతున ఉన్న ఒకటిన్నర అంగుళాల కన్నం దగ్గర పైపు ఊడిందంటే నిమిషానికి 60 గ్యాలన్ల దాకా లోపలికి వస్తాయి. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే మీ బిల్జ్ పంపు పెట్టె మీద గంటకు 1000 గ్యాలన్లని రాసి ఉంటుంది, అంటే నిమిషానికి 17 కూడా కాదు. రాత్రి ఇంట్లో పడుకున్నా ఆ కన్నాల టెన్షన్ వదలదు.

వాడకం సులువు. కొబ్బరి పొట్టు ఇటుక కొని, నీళ్లు చల్లి పొడిపొడిగా విడదీసి అడుగు డబ్బాలో వేస్తాం. పిడికిట్లో గట్టిగా పిసికితే చుక్క కారకూడదు, అలాగని దుమ్ములా రాలిపోకూడదు. నారుమడికి తడిపిన మట్టిలా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. వాడాక పక్కనున్న పిడి నాలుగు చుట్లు తిప్పితే అంతా కలిసిపోతుంది. మూత్రం ముందువైపు విడిగా సీసాలోకి వెళ్తుంది. రెండూ కలవకపోతే వాసన ఉండదు, అసలు సూత్రమే అది. చిన్న ఫ్యాన్ ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. చలికాలం ముందు నీళ్లు గడ్డకట్టకుండా పైపుల్లోకి యాంటీఫ్రీజ్ ఎక్కించే పని ఉండదు. ఆదివారం సాయంత్రం ట్యాంకు ఖాళీ చేయించే పంపౌట్ దగ్గర క్యూలో నిలబడే పనీ ఉండదు.

బుధవారం_రేసు
నాది రేసుల గోల. 15 గ్యాలన్ల ట్యాంకు నిండితే 57 కిలోలు. అదీ పడవ ముక్కు దగ్గర, ఉండకూడని చోట. బుధవారం సాయంత్రం రేసుకి వెళ్లేముందు మేం మంచినీళ్లే సగం ఒంపేస్తాం, అలాంటిది ఇది మోసుకుని తిరగడమా? నా ఓటు పొడి టాయిలెట్‌కే.

చుక్కాని
రేసు పడవ సంగతి వేరండీ. ఆయన అమ్మగారిని రాత్రి పడుకోబెడదామనుకుంటున్నారు.

కొత్త_తెరచాప గారూ, ముందు వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. అది తేలకుండా వేల డాలర్లు ఖర్చుపెట్టకండి. కుళ్లిన గుడ్డు వాసన అన్నారు కదా, చాలాసార్లు ఆ వాసనకీ ట్యాంకుకీ సంబంధమే ఉండదు. టాయిలెట్‌లోకి వచ్చే బే నీళ్లు వారమంతా పైపులో నిలవుండిపోతాయి. అందులోని నాచు, కంటికి కనిపించని జీవులు చచ్చి కుళ్లుతాయి. శుక్రవారం మొదటిసారి పంపు కొట్టగానే ఆ నీళ్లే టాయిలెట్ బేసిన్‌లో పడతాయి. దీనికి పైసా ఖర్చు లేని మందుంది. చాలా పడవల్లో ముఖం కడుక్కునే సింకు, టాయిలెట్ నీళ్ల పైపు ఒకే సీకాక్‌కి కలిసి ఉంటాయి. మీ పడవలో అలా ఉంటే, ఆదివారం దిగేముందు ఆ సీకాక్ మూసేసి, సింకులో మంచినీళ్లు నింపి పంపు కొట్టండి. సింకు నీళ్లు పైపంతా కడుక్కుంటూ పోతాయి. వారమంతా మంచినీళ్లే నిలవుంటాయి. విడివిడిగా ఉంటే కలపడం గంట పని. కానీ తాగునీళ్ల ట్యాంకు నుంచి నేరుగా టాయిలెట్‌కి పైపు మాత్రం ఎప్పుడూ వేయకండి, తాగే నీళ్లు పాడవుతాయి.

అప్పటికీ వాసన పోకపోతే పైపులు చూడాలి. గుడ్డ వేడినీళ్లలో ముంచి పిండి, మురుగు పైపు చుట్టూ గట్టిగా చుట్టండి. చల్లారాక తీసి గుడ్డని వాసన చూడండి. గుడ్డకి వాసన అంటుకుందంటే పైపు గోడలోంచే వాసన బయటికి వస్తోందన్నమాట. ఆ పైపు ఎంత కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే. అడుగడుక్కీ ఇలా చూడండి. ముఖ్యంగా పల్లంగా ఉండి నీళ్లు నిలిచే చోట.

మూడోది, ట్యాంకు గాలి గొట్టం. పాత పడవల్లో అది సన్నగా, వంకరటింకరగా ఉంటుంది. పైగా సాలెపురుగులు గూళ్లు కట్టి మూసేస్తాయి. గాలి ఆడకపోతే ట్యాంకులో ఉన్నది కంపుకొట్టే రకంగా కుళ్లుతుంది. లావుగా, పొట్టిగా, తిన్నగా గొట్టం వేస్తే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

ఇంట్లోవాళ్లకి నేర్పాల్సింది ఒకటుంది. బేసిన్ ఖాళీ కాగానే పంపు ఆపేస్తారు. అక్కడి నుంచి ట్యాంకు దాకా పైపుంది కదా. ఒకటిన్నర అంగుళం పైపు ఆరడుగులుంటే అందులోనే అర గ్యాలను పైన పడుతుంది. అదంతా ట్యాంకులోకి దిగేదాకా కొట్టాలి. లేకపోతే మురుగు పైపులోనే కాపురం ఉంటుంది, పైపు ఎంత మంచిదైనా పాడవుతుంది.

లంగరు_వేశాక
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఎత్తని విషయం నేను ఎత్తుతాను. కడుక్కోవడం ఎలా?

పొడి టాయిలెట్‌లో చెంబుడు నీళ్లు పోస్తే కొబ్బరి పొట్టు ముద్దయిపోతుంది, అప్పుడు అసలు కంపు మొదలవుతుంది. తయారుచేసేవాళ్లు కాగితం వాడేవాళ్లని దృష్టిలో పెట్టుకునే చేశారు. మా అత్తగారు 70 ఏళ్ల మనిషి. కాగితంతో సరిపెట్టుకోండని ఆవిడకి ఏ మొహంతో చెప్పను? ఆవిడ పడవ ఎక్కడమే మానేస్తారు. పైకి చెప్పరు, మోకాళ్ల నొప్పులంటారు. మా ట్యాంకు పడవలో సింకు పక్కన చిన్న హ్యాండ్ షవర్ పెట్టాం. నీళ్లు బేసిన్‌లోనే పడతాయి, పంపు కొడితే ట్యాంకులోకి పోతాయి. ట్యాంకు త్వరగా నిండుతుంది, నిజమే. నిండితే పంపౌట్‌కి వెళ్తాం.

గోదారి_గాలి
మంచి ప్రశ్నే అమ్మా. మా ఇంట్లో తడి టిష్యూలు వాడి విడిగా సంచిలో వేస్తాం. నీళ్లు కావాలనుకున్నవాళ్లు పక్కనే షవర్ గదిలో కడుక్కుంటారు. అలవాటు పడితే ఇబ్బంది లేదు.

చుక్కాని
అన్నా, మీ షవర్ నీళ్లు ఎక్కడికి పోతాయి? మామూలుగా షవర్ కింది గుంటలో (సంప్) చేరి, అక్కడి నుంచి పంపు తోడితే బేలోకే కదా. తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల లోపు శుద్ధి చేయని మలమూత్రం నీళ్లలో వదలకూడదని అమెరికా చట్టం. చెసపీక్ బే మొత్తానికీ అది వర్తిస్తుంది. చట్టం అటుంచండి, మన పిల్లలు ఈదేది, మనం పీతలు పట్టుకుని వండుకునేది ఆ నీళ్లలోనే. మూత్రం సీసా కూడా అంతే. రెండు గ్యాలన్ల సీసా, ఇద్దరు మనుషులకి రోజున్నర రెండు రోజుల్లో నిండుతుంది. నలుగురు దిగితే? రాత్రిపూట లంగరు వేసుకున్న చోట దాన్ని ఎక్కడ ఒంపుతున్నారో అందరికీ తెలుసు.

గోదారి_గాలి
నేను సీసా ఒడ్డున టాయిలెట్‌లోనే ఒంపుతాను. నా సంగతి నేను చెప్పగలను. షవర్ మాట మీరన్నది నిజమే, సంప్ నీళ్లు విడిగా పట్టే ఏర్పాటు చేయాలి. కానీ మీ వైపు కూడా చూడండి. ట్యాంకు ఉన్నవాళ్లలో ఎంతమంది వై-వాల్వ్‌కి (మురుగుని ట్యాంకులోకో బేలోకో మళ్లించేది) తాళం వేస్తున్నారు? పిడి బేవైపు తిప్పి మర్చిపోయినట్టు నటించేవాళ్లని నేను చూశాను. పొడి టాయిలెట్‌లో బేలోకి పోయే దారే లేదు. వంద పడవల్లో ఏది తక్కువ హాని చేస్తుందో లెక్కేస్తే నా మాటే నిలుస్తుంది. సీకాక్‌ల గురించి నేను చెప్పినదానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు.

చుక్కాని
ఇస్తాను. బయటికి పోయే సీకాక్ మీద నాదీ మీ మాటే. బేలోనే తిరిగే పడవకి దాంతో పనే లేదు. పడవని ఒడ్డుకెక్కించినప్పుడు పీకించి కన్నం పూడ్పించండి, వై-వాల్వ్ గొడవ కూడా దాంతోనే పోతుంది. లోపలికి వచ్చేది వాడనప్పుడు మూసి ఉంచాలి, పైపుకి రెండు క్లిప్పులు వేయాలి. పైపు ఊడితే కన్నంలో కొట్టడానికి దాని పక్కనే తాడుతో ఒక చెక్క బిరడా కట్టి ఉంచాలి. టాయిలెట్ నీళ్ల పైపు ఒకచోట నీటిమట్టం కంటే బాగా ఎత్తుకి లూపులా వెళ్లి, దాని తలమీద గాలి వాల్వ్ ఉండాలి. అది లేకపోతే సైఫన్ పట్టి, అంటే బయటి నీళ్లు వాటంతటవే లోపలికి లాక్కుని, టాయిలెట్ పొంగుతుంది. రేవులో కట్టేసిన పడవలు అలా మునిగిపోవడం కొత్తేం కాదు.

కొత్త_తెరచాప
అందరికీ ధన్యవాదాలు. శనివారం వేడిగుడ్డ పరీక్ష చేశాను. టాయిలెట్ నుంచి పైకెళ్లే పైపు శుభ్రంగానే ఉంది. మంచం కింద ట్యాంకులోకి దిగే నాలుగడుగుల ముక్క దగ్గర గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాను. గాలి గొట్టం నా చిటికెన వేలంత లావు కూడా లేదు, బయటి జాలీ పూర్తిగా మూసుకుపోయి ఉంది. సింకూ టాయిలెట్టూ ఒకే సీకాక్ మీద ఉన్నాయి, కాబట్టి మంచినీళ్ల పద్ధతి ఈ వారం నుంచే మొదలుపెట్టాను.

అమ్మ వచ్చేలోపు ఆ ముక్క, గాలి గొట్టం మారుస్తాను. హ్యాండ్ షవర్ కూడా పెడుతున్నాను. బయటికి పోయే సీకాక్ శీతాకాలంలో పీకిస్తాను. గోదారి_గాలి గారూ, మేం ఇద్దరమే తిరిగే రోజులొచ్చినప్పుడు మీ పద్ధతి మళ్లీ ఆలోచిస్తాను. ఇప్పుడు నలుగురైదుగురం.

లంగరు_వేశాక
హ్యాండ్ షవర్‌కి చేత్తో నొక్కితేనే నీళ్లొచ్చే రకం తీసుకోండి. తిప్పే కుళాయి అయితే కారుతూనే ఉంటుంది, తెల్లారేసరికి ట్యాంకు నిండిపోతుంది. అమ్మగారు పట్టుకుని కూర్చోవడానికి బేసిన్ పక్కన గోడకి ఒక పిడి కూడా బిగించండి. స్క్రూలు కాదు, గోడ వెనక ప్లేటు పెట్టి బోల్టులు వేయించండి.