అప్‌డేట్: ప్యానెల్ మీద గణితం చెప్పడం కొంతవరకు వచ్చింది

ఉన్నత పాఠశాలలో గణితం బోధించే నేను, తరగతి గదిలో బిగించిన ఇంటరాక్టివ్ ప్యానెల్‌ను (వేలితో తాకి పనిచేయించే పెద్ద తెరను) వీడియోలు చూపించడానికి తప్ప దేనికీ వాడలేకపోతున్నానని, ఎక్కడ నేర్చుకోవాలో చెప్పమని జూన్‌లో అడిగాను. ఎక్కువమంది కేంద్ర విద్యాశాఖ ఆన్‌లైన్ వేదిక అయిన దీక్షాలో కోర్సులు చేయమన్నారు. 2017లో మొదలైన ఆ వేదికపై 2020 నుంచి ఉపాధ్యాయుల కోసం ఉద్దేశించిన నిష్ఠా శిక్షణ కూడా ఆన్‌లైన్‌లో అందుతోంది కనుక, రెండు కోర్సులు పూర్తిచేసి ధ్రువపత్రాలు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎందుకు వాడాలో వాటివల్ల తెలిసింది గానీ చెయ్యి తిరగలేదు.

చెయ్యి తిరిగింది జియోజీబ్రాతో. గణితం బొమ్మలు గీసి, కదిపి చూసేందుకు ఉచితంగా లభించే ఈ సాఫ్ట్‌వేర్‌ను బడి వదిలాక భౌతికశాస్త్రం మాస్టారితో కలిసి రోజుకు అరగంట సాధన చేశాను. అర్ధవృత్తం మీది బిందువును వేలితో ఎటు జరిపినా అక్కడ వ్యాసం రెండు చివరలతో ఏర్పడే కోణం 90 డిగ్రీలే ఉండటం చూసి, తొమ్మిదో తరగతి పిల్లలు తామే ముందుకు వచ్చి జరిపి చూశారు. ఇదే సిద్ధాంతానికి నేను ఇదివరకు పీరియడంతా బొమ్మలు గీసేవాడిని. రుజువును మాత్రం ఇప్పటికీ సుద్దముక్కతోనే చెబుతున్నాను, ఎందుకంటే నేను మెట్టు మెట్టుగా రాస్తేనే అది వాళ్ల నోటుపుస్తకాల్లోకి ఎక్కుతుంది.

నెట్ తరచూ పోతుంది కనుక, ఆఫ్‌లైన్‌లో పనిచేసే రూపాన్నే ప్యానెల్‌లో పెట్టుకున్నాం. స్లైడర్ (జరిపితే విలువ మారే మీట) పెట్టడం నాకంటే ముందు కనిపెట్టిన విద్యార్థిని ఇప్పుడు మిగతా టీచర్లకు కూడా చూపిస్తోంది.